వెంట్రుకవాసి వదులు

ఫిబ్రవరి 3

బావగారికి నమస్కారం.

పదకొండేళ్ల తర్వాత నా దస్తూరీ చూసి కంగారు పడకండి. ఎవరికీ ఏమీ కాలేదు. మీ చెల్లెలు మోకాలి నొప్పి తప్ప బాగానే ఉంది. మీకు ఫోనులో మాట వినపడడం లేదని మీ పక్కింటి దర్జీ పోయినేడు చెప్పాడు. అందుకే ఉత్తరం. వినపడినా నాకు ఫోనులో మాట్లాడడం రాదు.

విషయం ఇది. మామయ్య కారు మా గ్యారేజీలో అలాగే ఉంది. పంపుహౌసు ఉద్యోగం అయిపోయాక, నవంబరులో టార్పాలిన్ తీశాను. రోజూ చేసిన పని పుస్తకంలో రాసుకుంటున్నాను. ముప్పైరెండేళ్లు గంటగంటకీ నీటిమట్టం రాసిన చెయ్యి ఊరికే ఉండదు. నవంబరు 6: వెనక సీటులో ఎలుక గూళ్లు రెండు తీశాను. నవంబరు 19: కాళ్లకింది రేకు వేలితో నొక్కితే బిస్కెట్‌లా విరిగింది. డిసెంబరు అంతా తుప్పు గీకడం. జనవరి 14: ఇంజను పదకొండు సెకన్లు తిరిగి ఆగింది. జనవరి 15: ఆగలేదు. ఇవేవీ నాకు ఎవరూ నేర్పలేదు. పుస్తకం చూసి, చెడగొట్టి, మళ్లీ చేసి నేర్చుకుంటున్నాను. కొలవడం ఒక్కటే మామయ్య నేర్పింది.

ఇప్పుడు బ్రేకుల దగ్గర ఆగిపోయాను. నాలుగు చక్రాలకి నాలుగు సిలిండర్లు, ఒక్కోదానిలో రెండేసి పిస్టన్లు. పిస్టన్లు తుప్పుపట్టి పోయాయి. సిలిండరు గొట్టాల్లో తుప్పు పోయేదాకా నున్నగా అరగదీశాను. దాంతో ఒక్కోటి ఒక్కో సైజయింది. బజారు పిస్టన్లు పట్టవు. ఎనిమిదీ కొత్తగా కోయాలి. ఏ చక్రానికి ఏ అంకె అన్నది వేరే కాగితం మీద రాసి పెట్టాను. మీ ఫ్యాక్టరీ లేత్ మీద వీలవుతుందా?

మిమ్మల్ని అడగొద్దని మీ చెల్లెలు అంది. "బ్రేకులు ఇస్తాడు, బండి అడుగుతాడు" అంది. అయినా అడుగుతున్నాను.

మీ బావ

*

ఫిబ్రవరి 8

లాగ్‌బుక్కు బావకి,

నీ ఉత్తరం అందింది. కవరు మీద నీ దస్తూరీ చూసి, చింపే ముందు కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను. లోపల ఎలుక గూళ్లు, తుప్పు, బిస్కెట్. చావు కబురు కాదని తేలాక నవ్వొచ్చింది. కొందరి నోట్లో నువ్వుగింజ నానదంటారు. నీ నోట్లో శనగల బస్తా నానినా పైకి తెలియదు. అలాంటివాడివి రెండు పేజీలు రాశావంటే కారు నిన్ను బాగానే వంచింది.

చేస్తాను. ఆ కారు కింద పడుకుని నేను పెరిగాను. నాకు రావాల్సిందని అప్పుడు అన్నాను, ఇప్పుడూ అంటాను. చెల్లాయి ఏమన్నదో కూడా నాకు గుర్తుంది: "బతికుండగా రానివాడికి బండెందుకు?" అంది, నాన్న పదోరోజున, నలుగురిలో. సరే, అది మా ఇద్దరిదీ. పిస్టన్లకీ దానికీ సంబంధం లేదు.

పిస్టనుకీ గొట్టానికీ మధ్య వదలాల్సిన సందుని నాన్న వెంట్రుక అనేవాడు. అది వదలకపోతే పిస్టను బిగుసుకుపోతుంది. రెండు వెంట్రుకలు వదిలితే వెనక ఉన్న రబ్బరు ఆ సందులోకి నలిగి తెగుతుంది, ఆయిలు కారిపోతుంది. మనిద్దరం ఆ చేతికిందే నేర్చుకున్నాం కాబట్టి దాని గురించి నువ్వు రాయలేదు, నేను అడగడం లేదు. వేరేవాళ్లయితే పది ప్రశ్నలు వేసేవాణ్ణి.

ఆ రోజు కోపంలో షెడ్డు వైపు వెళ్లలేదు గానీ, నాన్న లేత్ ఉందిగా అందులో? దాని మీద నువ్వే కోసుకోవచ్చు కదా, ఇంత దూరం ఎందుకు పంపావు?

ఒకటి మాత్రం గుర్తుంచుకో. మీ కొండ మీద నుంచి కిందికి పద్నాలుగు మలుపులు. ఆ దారిలో బ్రేకు మీద కాలు తీయడం ఉండదు.

నీ బావ

*

ఫిబ్రవరి 26

బావగారికి,

మీ డబ్బా ఇరవై రెండున చేరింది. ఎనిమిదింటినీ విడివిడిగా గుడ్డలో చుట్టి, చక్రం పేరు కట్టి పంపారు. బల్ల మీద వరసగా పెట్టి చాలాసేపు చూశాను. మీ చెల్లెలు టీ తెచ్చి, ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, "చేతిపని నాన్నదే" అని లోపలికి వెళ్లిపోయింది.

ఇరవై మూడు: ముందు చక్రాలు రెండూ బిగించాను. పిస్టన్లు వేలితో తోస్తే వెన్నలో జారినట్టు జారాయి. ఎక్కడా పట్టలేదు. కొత్త రబ్బర్లు వేశాను. ఇరవై నాలుగు: వెనక చక్రాలు. ఇరవై అయిదు: ఆయిలు పోసి, దాని గొట్టాల్లో గాలి తీశాను. బ్రేక్ పెడల్ గట్టిగా నిలబడింది. పూర్తిగా తొక్కితే కింది రేకుకి నాలుగు వేళ్ల ఎత్తున ఆగుతోంది. పుస్తకంలో అలాగే ఉండాలని ఉంది.

లేత్ లేదు. అమ్మేశాం. అప్పటి పరిస్థితి అలాంటిది.

నిన్న సాయంత్రం గ్యారేజీలోకి వెళితే మీ చెల్లెలు కారు ముందు సీటులో కూర్చుని ఉంది. తలుపు వేసుకుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, ఎక్కడికో బయల్దేరినట్టు. రంగు వాసన ఇంకా పోలేదని చెప్పి కిటికీ తెరిచాను.

మీ బావ

*

మార్చి 3

బావా,

పరిస్థితి అలాంటిది అంటే ఎలాంటిది? ఆ లేత్ నాన్న ఒంట్లో భాగం. అది ఆయన అమ్మడు. నువ్వు అమ్మావు. ఎప్పుడు అమ్మావో, ఎందుకు అమ్మావో నాకు ఒక్క కార్డు ముక్క రాయలేదు. నేను ఫ్యాక్టరీకి వచ్చేశానని నాన్న నాతో మాట్లాడడం మానేశాడు, అది నిజమే. కానీ నీకు, చెల్లాయికి నా చిరునామా తెలుసు.

సరే. ఇంకో విషయం, ఇదే ముఖ్యం. వెన్నలో జారినట్టు జారాయన్నావు. కొత్త పిస్టను అలా జారకూడదు. కొద్దిగా మొరాయించాలి, ఆయిలు రాశాక బుజ్జగిస్తే వెళ్లాలి. ఆ మాట చదివినప్పటినుంచి నాకు మనసు కుదురుగా లేదు. కోసిన అంకెలు మళ్లీ చూసుకున్నాను. నా వైపు తప్పు లేదు.

ఈ నెల ఇరవైన నాకు ఉద్యోగం అయిపోతుంది. ఆ తర్వాత నేను పైకి వస్తాను. నేను వచ్చి చూసేదాకా ఆ కారుని గ్యారేజీ దాటించకు.

నీ బావ

*

మార్చి 9

బావగారికి,

మీ ఉత్తరం మీ చెల్లెలికి చదివి వినిపించాను. వినిపించకుండా ఉండాల్సింది. "అయ్యిందా? చెప్పానా? బండి పూర్తవగానే వస్తాడట, గ్యారేజీ దాటించొద్దట. తాళం చేతులు కూడా పంపమన్నాడా?" అంది. మీరు అలా అనలేదని చెప్పాను. "మీకు మనుషులు చెప్పనిది తెలియదు" అంది. అది నిజమే కావచ్చు.

పిస్టన్లు మళ్లీ విప్పి చూశాను. ఎక్కడా గీత లేదు, పగులు లేదు. బాగున్నాయి.

మార్చి 5: ఇంటి ముందు వీధిలో ఈ చివరినుంచి ఆ చివరిదాకా నడిపాను. ఆపిన చోట ఆగింది. మార్చి 6: నీళ్ల ట్యాంకు దాకా వెళ్లి వచ్చాను. మార్చి 7: ఎడమ ముందు చక్రం కింద నేల మీద తడి. అర్ధరూపాయంత. ఆయిలు పోసినప్పుడు ఒలికిందేమో. తుడిచాను. మార్చి 8: తుడిచిన చోటే మళ్లీ అంతే. తుడిచాను. పెడల్ మూడు వేళ్ల ఎత్తున ఆగుతోంది. కొత్త బ్రేకులు సర్దుకునేటప్పుడు కాస్త దిగుతాయని పుస్తకంలో ఉంది.

ఇప్పుడు రాయబోయేది రాయొద్దని మీ చెల్లెలు ఒట్టు పెట్టించుకుంది. కానీ మీరు కారు కదిలించొద్దన్నారు, నేను సరేనని రాస్తే అది అబద్ధం అవుతుంది. ఇరవైన పొద్దున్నే బయల్దేరి మీ ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వస్తున్నాం. మీరు ఆఖరిరోజు పని ముగించి బయటికి వచ్చేసరికి మామయ్య కారు ఎదురుగా ఉండాలని ఆమె కోరిక. జనవరిలో ఇంజను తిరిగిన రోజే అనుకుందట. పైకి మీ మీద ఎన్ని మాటలన్నా, ఆ రోజు కట్టుకునే చీర ఇప్పటికే తీసిపెట్టుకుంది. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే చెరిపేసుకోవాలంది.

మీరు తెలియనట్టే ఉండండి.

మీ బావ

*

మార్చి 13

బావా,

రావొద్దు. ఈ ఒక్క ముక్క చదివి మిగతాది తర్వాత చదివినా పరవాలేదు. ఆ కారులో రావొద్దు. బస్సులో రండి, నేను స్టాండుకి వస్తాను.

అది ఒలికిన ఆయిలు కాదు. ఒలికిన ఆయిలు ఒక్కసారి తుడిస్తే పోతుంది. రెండోసారి అదే చోట వచ్చిందంటే లోపలినుంచి వస్తోంది. పెడల్ దిగడం సర్దుకోవడం కాదు. ఆ కారుకి బ్రేక్ ఆయిలు దారి ఒక్కటే. ఒక్క చక్రంలో కారినా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. వీధిలో నెమ్మదిగా నడిపితే బాగానే ఆగుతుంది. కొండ దిగుతూ గంటసేపు తొక్కుతూ ఉంటే వేడెక్కి, రబ్బరు మెత్తబడి, ఏ మలుపులో చేతులెత్తేస్తుందో చెప్పలేం.

ఎక్కడ తప్పు జరిగిందో నాకు అంతుపట్టడం లేదు. నువ్వు రాసిన అంకెలు ఎలా తీశావు? గొట్టం ఎంతుందో అంతే రాశావా? తిరుగు టపాలో రాయి.

నువ్వు మళ్లీ రెండు ముక్కల్లో తేల్చేస్తావని తెలుసు. లేత్ సంగతి అలాగే తేల్చావు. నాన్న లేత్ అమ్మినవాడివి, ఆయన కారుని కూడా అలాగే లోయలో పారేస్తావా? కారు మీద ఆశతో అంటున్నానని చెల్లాయి అనుకుంటే అనుకోనీ. దర్జీ చేత ఫోను కూడా చేయిస్తున్నాను.

నీ బావ

*

మార్చి 17

బావగారికి,

నిన్న మధ్యాహ్నం దర్జీ ఫోను చేశాడు. నేను గ్యారేజీలో ఉన్నాను. మీ చెల్లెలు తీసింది. "కారు కదిలించొద్దని మా అన్నయ్య ఎందుకన్నాడో నాకు తెలుసు, ఆయనకి ఆ కారు మీద కన్నుపడి పదకొండేళ్లయిందని చెప్పు" అని పెట్టేసిందట. సాయంత్రం మీ ఉత్తరం వచ్చింది. లోయలో పారేస్తావా అన్న మాట ఆమె కూడా చదివింది. ఆ తర్వాత దానికి పైన మీరు రాసిన బ్రేకుల సంగతి ఎన్నిసార్లు చదివి వినిపించినా ఆమెకి చెవికెక్కలేదు. "బస్సులో వస్తే కారు ఇక్కడే ఉంటుందిగా, వాడికి కావాల్సింది అదే" అంది. పొద్దున చీర ఇస్త్రీ చేసుకుంది.

లోపలినుంచే వస్తోందన్నారని నిన్న రాత్రే ఎడమ ముందు చక్రం విప్పాను. రబ్బరు అంచు కాస్త నలిగింది. కొత్తది వేశాను. ఇవాళ తడి లేదు. పెడల్ మూడు వేళ్లు. నీళ్ల ట్యాంకు దగ్గర దిగుడులో నాలుగుసార్లు పరీక్షించాను, నాలుగుసార్లూ ఆగింది. ఇరవైన ఎనిమిదింటికి బయల్దేరతాం. నెమ్మదిగా దిగుతాను. ఈ ఉత్తరం, మేము ఒకే రోజు చేరతామేమో.

లేత్ గురించి. ఇది మీకు చెప్పనని మామయ్యకి మాటిచ్చాను. ఇవాళ మాట తప్పుతున్నాను.

మీరు వెళ్లిన ఆరేడేళ్లకి ఆయన చూపు తగ్గడం మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. తిరుగుతున్న లేత్‌కి, ఆగి ఉన్న లేత్‌కి తేడా తెలియక ఒకరోజు చెయ్యి పెట్టారు. కుడి చూపుడువేలు కొస పోయింది. కట్టు కట్టిస్తూ మీకు కబురు చేస్తానన్నాను. "వాడికి చెప్పకు. జాలిపడి వస్తాడు. జాలిపడి వచ్చే కొడుకు నాకొద్దు" అన్నారు. ఆ తర్వాత రెండేళ్లు నన్ను పక్కన నిలబెట్టుకుని పని చేశారు. చివరికి ఆయనే ఒక మనిషిని పిలిచి లేత్ ఇచ్చేశారు. ఆ మనిషి బండి వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడ్డారు. ఆయనకి బండి కనిపించదు. చప్పుడు ఆగేదాకా నిలబడ్డారు.

కొలతల గురించి అడిగారు. మామయ్య నేర్పినట్టే తీశాను. గొట్టం కొలిచి, అందులో వెంట్రుక తీసేసి, మిగిలిన అంకె మీకు రాశాను. "నా బుర్రలో ఇక లెక్కలు నిలబడవు. కొలిచేవాడివి నువ్వు, వెంట్రుక నువ్వే తీసి రాయి. నువ్వు రాసిన అంకె రాసినట్టు నేను కోస్తా" అనేవారు. ఎనిమిదింటికీ అలాగే చేశాను. మీకు తెలియనిదేముంది. అందుకే ముందే రాయలేదు.

మిగతాది ఎదురుగా మాట్లాడుకుందాం.

మీ బావ

*

మార్చి 20, ఫ్యాక్టరీ గేటు

బావా,

ఈ కాగితం నీ చేతికి వచ్చిందంటే మీరు చేరారు. ముందు చెల్లాయిని కారు దించు. నువ్వూ దిగు. ఎవరైనా జరపమన్నా దాన్ని ఇంక ఒక్క అడుగు కూడా జరపకు. తర్వాత చదువు.

నీ పదిహేడో తారీకు ఉత్తరం ఇవాళ పదింటికి అందింది. లోపల నా కోసం సభ పెట్టారు. నాలుగు మాటలు చెప్పి, చేతిగడియారం ఇచ్చి, టీ పోశారు. టీ తాగుతూ విప్పాను. నాన్న వేలు దగ్గర ఆగిపోయాను. పక్కవాళ్లు కాసేపు నన్ను వదిలేశారు. ఆ తర్వాత పేరా చదివాను.

నాకు నాన్న అలా నేర్పలేదు. నాకు నేర్పింది దీనికి పూర్తిగా ఎదురు. "కొలిచేవాడు ఉన్నది ఉన్నట్టు రాయాలి. వెంట్రుక కోసేవాడి సొత్తు" అనేవాడు. ఒకసారి నేను ముందే తీసి రాస్తే చెంప వాయించాడు. అప్పటికి ఆయన కళ్లు బాగున్నాయి. తర్వాత చూపు పోయాక పద్ధతి మార్చుకుని ఉంటాడు, అది నీకు నేర్పి ఉంటాడు. నువ్వు ఒక వెంట్రుక తీసి రాశావు. నేను ఇంకో వెంట్రుక తీసి కోశాను. ఎనిమిదింటికీ. మనిద్దరిలో ఎవరూ ఆయన మాట దాటలేదు.

కొత్త రబ్బరు వేశావన్నావు. వేసినా లాభం లేదు. సందు అలాగే ఉంది. మిగతా మూడు చక్రాలు విప్పి చూడలేదు నువ్వు.

వెంటనే గేటు గుమస్తా చేత మీ ఇంటికి ఫోను చేయించాను. ఎత్తేవాళ్లు లేరు. కొండదారి పైన చెక్‌పోస్టుకి చేయించాను. పచ్చ రంగు పాత కారు ఎనిమిదింపావుకి దాటిందట. అక్కడివాళ్లు బండి బాగుందన్నారట, ముందు సీట్లో ఉన్నామె చెయ్యి ఊపిందట. కింది చెక్‌పోస్టుకి చేయించాను. అలాంటి కారు రాలేదన్నారట. రెండింటికీ మధ్య నెమ్మదిగా దిగినా గంట. పది నిమిషాలకోసారి మళ్లీ చేయిస్తున్నాను. గుమస్తా ఫోను పెట్టగానే నావైపు చూస్తాడు. నోరు కదపకముందే నాకు అర్థమైపోతోంది.

ఇప్పుడు పదకొండు నలభై. మీరు ఏ మలుపులోనో టైరు మార్చుకుంటూ ఉండొచ్చు. ఇంజను వేడెక్కి చల్లార్చుకుంటూ ఉండొచ్చు. చెల్లాయికి కడుపులో తిప్పి నీడలో కూర్చుని ఉండొచ్చు. అరగంటలో ఇలాంటివి ఇరవై అనుకున్నాను.

లేత్ గురించి నిన్ను అన్నవన్నీ తప్పు. నువ్వు చెప్పలేదని ఇక మీద ఎక్కడా అనను. ఆయన చూపు తగ్గాక ఒక్కసారి వచ్చి గుమ్మంలో నిలబడి ఉంటే ఎవరూ చెప్పక్కర్లేకుండా నాకే తెలిసేది. చెల్లాయి నలుగురిలో అన్న మాట చెరిపేసుకోవాల్సిన పని లేదు. అది ఉన్న మాటే. ఆమెకి నేనే చెప్తాను, నువ్వు చెప్పకు.

ఫ్యాక్టరీ లారీ ఒకటి ఇనుము కోసం పైకి వెళుతోంది. డ్రైవరు పక్కన కూర్చుని వెళ్తున్నాను, మలుపు మలుపుకీ ఆపమన్నాను. మీరు వేరే దారిలో వచ్చి నాకు ఎదురుపడకపోతే అని ఇది గుమస్తా దగ్గర పెడుతున్నాను. పచ్చ కారు, సన్నగా పొడుగ్గా మాట్లాడని మనిషి, పక్కన మోకాలు పట్టుకుని దిగే మనిషి అని చెప్పాను. వాళ్లకి కుర్చీలు వేసి మంచినీళ్లు ఇవ్వమన్నాను. ఆయన రెండు కుర్చీలు గది బయటికి తెచ్చి, నీడలో వేసి పెట్టాడు.

నీ బావ